కీమో అయిపోయి ఐదు నెలలైనా అరికాళ్ల మొద్దుబారడం పోలేదు: ఏం చేయాలి, ఏం చేయకూడదు

మీరు అడిగింది ఇది. మీ అమ్మగారికి 54 ఏళ్లు. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషన్ అయింది. వారానికి ఒకటి చొప్పున 12 పాక్లిటాక్సెల్ ఇంజెక్షన్లు పూర్తయి ఐదు నెలలు దాటింది. ఇప్పటికీ అరికాళ్లు మొద్దుబారి ఉన్నాయి, రాత్రిళ్లు మంట, నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదు, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతున్నారు. ఇది తగ్గుతుందా, నరాల బలానికి ఏ మాత్రలు వాడాలి, వేడినీళ్ల కాపడం పెట్టవచ్చా అన్నారు.

ముందు సూటిగా చెబుతాను. తగ్గే అవకాశం బాగానే ఉంది. అయితే అది వారాల్లో జరిగే పని కాదు, నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు పడుతుంది. కొందరిలో కొంత మిగిలిపోతుంది కూడా. దెబ్బతిన్న నరాన్ని తిరిగి మొలిపించే మాత్ర ఇప్పటికి లేదు. మంటను, నొప్పిని తగ్గించే మందు మాత్రం ఉంది. కాపడం వద్దు. ఈ రోజే ఆపేయండి. స్పర్శ లేని కాలికి వేడి ఎంతుందో తెలియదు, చర్మం కాలాక గానీ మీకూ తెలియదు.

నేను ఫిజియోథెరపిస్టును. 17 ఏళ్లుగా ఎక్కువగా క్యాన్సరు రోగులతోనే పని చేస్తున్నాను. మందులు రాయడం నా పని కాదు. కింద మందుల గురించి రాసింది మీరు డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు ఏం అడగాలో తెలియడం కోసమే.

అసలు ఏం జరిగిందో తెలిస్తే అమ్మగారికి సగం భయం పోతుంది. కాలి బొటనవేలి స్పర్శను మోసే నరం కణం బొటనవేలిలో ఉండదు, నడుం దగ్గర వెన్నెముక పక్కన ఉంటుంది. అక్కడి నుంచి వేలి కొస దాకా ఒకే ఒక్క పోగు, సుమారు మీటరు పొడవున సాగుతుంది. ఆ పోగు బతకడానికి కావలసినదంతా వెన్ను దగ్గర తయారై, పోగు లోపలి సన్నటి గొట్టాల వెంట కిందికి చేరాలి. పాక్లిటాక్సెల్ క్యాన్సరు కణాన్ని చంపేది సరిగ్గా ఆ గొట్టాలను బిగదీసే. కణం రెండుగా చీలలేక చచ్చిపోతుంది. నరంలో ఉన్నవీ అవే గొట్టాలు. కాలువలో నీళ్లు తగ్గితే ముందు ఎండేది శివారు పొలాలే కదా, ఇదీ అంతే. అందుకే ముందు కాలివేళ్లు, తర్వాత అరికాళ్లు, ఆ తర్వాత చేతివేళ్లు. రెండు కాళ్లకూ ఇంచుమించు ఒకేలా, మేజోళ్లు తొడిగినట్టు ఉంటుంది. అమ్మగారి లక్షణాలు ఈ వరుసకు సరిపోతున్నాయి. ఆవిడ బలహీనత వల్ల వచ్చింది కాదు, తిండి సరిగా తినకపోవడం వల్ల వచ్చింది కాదు. క్యాన్సరును చంపిన మందే ఈ పని కూడా చేసింది.

ఎంతమందికి తగ్గుతుంది అంటారా? చాలా పరిశోధనలను కలిపి లెక్కగట్టి 2014లో వెలువరించిన ఒక విశ్లేషణలో, కీమో ముగిసిన మొదటి నెలలో 68 శాతం మందికి నరాల బాధ ఉంటే, మూడు నెలలకు 60 శాతం, ఆరు నెలలూ ఆ తర్వాతా 30 శాతం మందిలో మిగిలింది. అంటే ఐదు నెలలకే ఆశ వదులుకోవలసిన పని లేదు. నరం కోలుకునే వేగం అన్నీ కలిసొస్తే రోజుకు ఒక మిల్లీమీటరు ఉంటుందని చెబుతారు. మీటరు పొడవుకు ఆ లెక్క వేసి చూడండి, తొందరపడి ప్రయోజనం ఎందుకు లేదో తెలుస్తుంది. మరోవైపు, 2017లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో క్యాన్సరు నుంచి బయటపడిన 512 మంది మహిళలను అడిగితే, చికిత్స ముగిసి సగటున ఆరేళ్లు కావస్తున్నా 47 శాతం మంది ఇంకా తిమ్మిరి, మొద్దుబారడం ఉన్నాయన్నారు. అలాంటివారు కింద పడిపోవడం మిగతావారికంటే 1.8 రెట్లు ఎక్కువ. నాకు ఈ చివరి అంకె ముఖ్యం. తిమ్మిరి వల్ల ప్రాణానికి ముప్పు లేదు. కానీ తిమ్మిరి వల్ల పడితే తుంటి ఎముక విరగవచ్చు. నా పనిలో సగం ఆ పడిపోవడాన్ని ఆపడమే.

మీలాగే చదివేవారిలో వేరే మందులు తీసుకున్నవారు ఉంటారు కాబట్టి ఒక మాట. అన్ని మందులూ ఒకేలా నడవవు. పెద్దపేగు క్యాన్సరుకు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన రోజుల్లో చల్లటి నీళ్లు తాకితే వేళ్లలో షాకు కొట్టినట్టు అవుతుంది, ఫ్రిజ్ నీళ్లు తాగితే గొంతు పట్టేసినట్టు ఉంటుంది. దానికీ, సిస్‌ప్లాటిన్‌కూ ఇంకో గుణం ఉంది. మందు ఆపాక కూడా కొన్ని నెలలపాటు బాధ పెరగవచ్చు. ఇది తెలియక చాలామంది జబ్బు తిరగబెట్టిందని హడలిపోతారు. విన్‌క్రిస్టిన్‌తో తీవ్రమైన మలబద్ధకం, దవడ నొప్పి, పాదం పైకి ఎత్తలేకపోవడం కూడా రావచ్చు. మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సరుకు ఇచ్చే బోర్టెజోమిబ్‌ను రక్తనాళంలోకి కాకుండా చర్మం కిందికి ఇస్తే ఈ బాధ తక్కువని తేలింది.

ఇక మాత్రల సంగతి. ఇక్కడే ఇళ్లలో డబ్బూ ఆశా ఎక్కువగా ఖర్చవుతున్నాయి, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కీమో వల్ల వచ్చిన నరాల నొప్పికి అమెరికా క్యాన్సరు వైద్యుల సంఘం 2014లోనూ, మళ్లీ 2020లోనూ సిఫారసు చేసిన మందు ఒక్కటే, డులాక్సెటిన్. 2013లో వచ్చిన, 231 మంది రోగుల మీద జరిగిన పరీక్షలో ఈ మందు వేసుకున్నవారిలో 59 శాతం మంది నొప్పి తగ్గిందన్నారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 38 శాతం మంది అన్నారు. అద్భుతం కాదు, కానీ నిజమైన తేడా. ఇది మంటకూ నొప్పికీ పని చేస్తుంది, మొద్దుబారడం పోగొట్టదు. మొదట్లో వికారం ఉంటుంది. తనంతట తాను మొదలుపెట్టకూడదు, ఒక్కసారిగా ఆపకూడదు. అమ్మగారు టామాక్సిఫెన్ వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి. టామాక్సిఫెన్ ఒంట్లో పని చేసే రూపంలోకి మారడానికి కావలసిన ఒక ఎంజైమును డులాక్సెటిన్ కొంత అడ్డుకుంటుంది. లివరు జబ్బు, కంట్లో నీటికాసులు ఉన్నా చెప్పాలి.

మన దగ్గర ఎక్కువగా రాసేది ప్రీగాబాలిన్, గాబాపెంటిన్. కీమో నరాల బాధలో వీటికి బలమైన రుజువు లేదు. కొందరికి రాత్రి మంట తగ్గి నిద్ర పట్టడం నేను చూశాను. అలాగే ఆ మాత్ర మత్తులో రాత్రి లేచి బాత్రూముకు వెళుతూ పడిపోయినవారినీ చూశాను. వేసుకున్న మొదటి వారం రాత్రిపూట ఎవరో ఒకరు పక్కన పడుకోండి.

ఇప్పుడు 'నరాల బలానికి' అని మీరు అడిగిన మాత్రలు. ఆ స్ట్రిప్పు వెనక్కి తిప్పి పేర్లు చదవండి. మిథైల్ కోబాలమిన్ అంటే బి12. ఒంట్లో బి12 తక్కువగా ఉంటే అది తప్పకుండా వేసుకోవాలి. శాకాహారులకూ, షుగరుకు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవారికీ తక్కువ ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి రక్తపరీక్ష చేయించండి, షుగరు, థైరాయిడ్ కూడా అదే రోజు చూపించండి. షుగరు అదుపులో లేకపోతే నరం కోలుకోవడం కష్టం. పరీక్షలో బి12 సరిగ్గా ఉంటే ఇంకా ఇంజెక్షన్లు పొడిపించుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వేసుకుంటే అదే నరాలను దెబ్బతీస్తుంది.

ఆ జాబితాలో అసిటైల్ ఎల్-కార్నిటిన్ అన్న పేరు ఉందేమో మరీ జాగ్రత్తగా చూడండి. నరాలకు మంచిదని పేరుపడ్డ ఈ పదార్థాన్ని, మీ అమ్మగారిలాగే రొమ్ము క్యాన్సరుకు ఈ జాతి కీమో తీసుకుంటున్న 409 మంది మహిళల మీద పరీక్షించారు. 2013లో ఫలితం వచ్చింది. చికిత్సతో పాటు అది వేసుకున్నవారిలో నరాల బాధ తగ్గకపోగా పెరిగింది. అదే వైద్యుల సంఘం నరాల బాధ రాకుండా దీన్ని వాడవద్దని చెప్పింది. మన మందుల షాపుల్లో దొరికే చాలా నరాల మాత్రల్లో ఇది బి12తో కలిసి ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు కీమో జరుగుతున్నంత కాలం, ఎవరో బంధువు చెప్పారని, దీన్ని రోజుకు రెండుసార్లు వేసుకున్నారు. ఆవిడ తిమ్మిరికి అదే కారణమని నేను చెప్పలేను. కానీ ఆ స్ట్రిప్పు చూసిన రోజు నాకు బాధ కలిగింది. ఇలాంటివారు కీమో గదిలో ఇంకెందరున్నారో అనిపించింది.

మందుల మాట అయింది. ఇప్పుడు ఇంట్లో మీ చేతిలో ఉన్న పని. దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

పాదానికి తెలియనిది కంటికి తెలియాలి. రోజూ రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు, మడమలు చూడాలి. ఆవిడ వంగి చూసుకోలేకపోతే మీరు చూడండి, లేదా నేల మీద అద్దం పెట్టండి. పాదాలకు పసుపు రాసుకునే అలవాటుంటే కొన్నాళ్లు చూశాకే రాసుకోమనండి, పసుపు కింద ఎర్రబారిన చర్మం కనపడదు. మెట్టెలు బిగుతుగా ఉంటే తీయించండి. ఇది చెప్పడం కష్టమని నాకు తెలుసు. మా రోగుల్లో ఒకావిడ ఒప్పుకోలేదు, మెట్టె కింద పుండు పడి చీము పట్టేదాకా ఆవిడకు నొప్పే తెలియలేదు. చివరికి మెట్టెను కోసి తీయవలసి వచ్చింది. తీయడం ఇష్టం లేకపోతే కనీసం వదులుగా ఉండేవి, తెరిచి మూసేవి పెట్టుకోవచ్చు.

ఇంట్లో కూడా చెప్పులు ఉండాలి. హవాయి చెప్పులు వద్దు, అవి జారకుండా ఉండాలంటే వేళ్లతో పట్టుకోవాలి, ఆ పట్టే ఇప్పుడు లేదు. మడమ వెనక పట్టీ ఉన్నవి, అడుగు మెత్తగా ఉన్నవి కొనండి. షుగరు, కుష్ఠు రోగుల కోసం చేసే ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు ఇందుకు బాగా పనికొస్తాయి. వేసుకునే ముందు ప్రతిసారీ దులపాలి, చిన్న రాయి రోజంతా నలిగినా తెలియదు.

గుళ్లో ప్రదక్షిణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బండ మీద ఉత్తకాళ్లతో నడిచి బొబ్బలతో వచ్చినవారు ప్రతి ఏడూ ఉంటారు. జబ్బు తగ్గింది కదా అని మొక్కు తీర్చుకోవడానికే వెళతారు. మొక్కు మానమని నేను ఎవరికీ చెప్పను. తెల్లవారుజామున వెళ్లమంటాను, మందపాటి నూలు మేజోళ్లు తొడుక్కోమంటాను.

వంటింట్లో గిన్నె వేడి చేతివేళ్లకు తెలియదు. మసిగుడ్డ, పట్టకారు లేకుండా పొయ్యి మీది గిన్నె ముట్టకూడదు. స్నానం నీళ్లు మోచేత్తో చూడాలి, లేదా మీరు చూసి ఇవ్వాలి. వేడన్నం కలిపేటప్పుడు కూడా చేయి కాలుతుంది, మొదట చెంచాతో కలిపి ఆరనివ్వండి.

హుక్కుల బాధకు జవాబు తేలికే. జాకెట్లకు హుక్కులు తీయించి వెల్క్రో పట్టీ గానీ పెద్ద ప్రెస్ బటన్లు గానీ కుట్టించండి. లోపావడా బొందు ముడి వేయలేకపోతే ఎలాస్టిక్ వేయించండి. చీర కుచ్చిళ్లు నేలకు తగలకుండా రెండంగుళాలు ఎత్తి కట్టుకోవాలి. ఎన్నేళ్లుగానో తన పని తాను చేసుకున్న మనిషి జాకెట్టు వేసుకోవడానికి కూతురినో కోడలినో పిలవవలసి రావడం చిన్న విషయం కాదు. ఒకావిడ నాతో, జుట్టు ఊడినప్పుడు ఏడవలేదు, హుక్కు పెట్టుకోలేక ఏడ్చాను అన్నారు.

ఇక వ్యాయామం. ఒక చిన్న సంగతి అడుగుతాను. అమ్మగారు ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడు తూలుతున్నారా? చాలామంది తూలుతారు. నిలబడడానికి మనకు కళ్లు, చెవిలోని సమతూకం, పాదాల స్పర్శ మూడూ కావాలి. పాదాలు మానేశాయి, కళ్లు మూసుకుంటే రెండోదీ పోయింది. అందుకని స్నానం స్టూలు మీద కూర్చుని చేయాలి, బాత్రూము గోడకు పట్టుకునే కడ్డీ బిగించాలి, రాత్రి చిన్న దీపం వెలుగుతూ ఉండాలి.

నిలకడ మళ్లీ నేర్చుకోవచ్చు. వంటింటి గట్టు దగ్గర, చేతికి గట్టు అందేలా నిలబడి మొదలుపెట్టండి. రెండు పాదాలు దగ్గరగా పెట్టి అర నిమిషం. అది తేలికయ్యాక ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకు వేళ్లు తగిలేలా. ఆ తర్వాత ఒంటికాలి మీద, గట్టు పట్టుకునే. కళ్లు మూసి చేయడం పక్కన మనిషి ఉన్నప్పుడు మాత్రమే. మడమలు ఎత్తి దించడం పదిసార్లు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు. మొత్తం పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు. దానికి తోడు రోజూ నడక, చదునైన నేల మీద, వెలుతురు ఉన్నప్పుడు. ఇవి నరాన్ని మొలిపిస్తాయని నేను అనను. ఉన్న స్పర్శతోనే మెదడు, కండరాలు మెరుగ్గా పని చేయడం నేర్చుకుంటాయి. ఆరేడు వారాలు వదలకుండా చేసినవారిలో నడక ధైర్యం పెరగడం నేను చాలాసార్లు చూశాను.

చేతులకు, పళ్లెంలో బియ్యం పోసి అందులో శనగలు, చిక్కుడు గింజలు కలిపి, చూడకుండా వేళ్లతో వెతికి తీయమనండి. చపాతీ పిండి పిసకడమూ మంచిదే. రాత్రి మంట ఎక్కువైతే మామూలు నీటితో తడిపి పిండిన గుడ్డ పాదాల మీద కాసేపు వేయవచ్చు. ఐసు నేరుగా పెట్టకూడదు, దానికీ చర్మం కాలుతుంది. కొబ్బరినూనెతో మెల్లగా రాయడం సరే, గట్టిగా నలపవద్దు.

కొన్నిటిని మాత్రం ఈ తిమ్మిరి లెక్కలో వేయకూడదు. కాళ్లలో బలం ఒక్కసారిగా తగ్గడం, మూత్రం గానీ మలం గానీ ఆగకపోవడం లేదా రాకపోవడం, పడుకున్నా తగ్గని కొత్త వెన్నునొప్పి: వీటిలో ఏది కనపడినా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందేమో చూడాలి, అక్కడ గంటలు లెక్కకు వస్తాయి. అలాగే బాధ ఒక్క చేతికే, రోజురోజుకీ పెరుగుతూ ఉంటే కీమో మీద నెట్టేయవద్దు, డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ అయిన వైపు చంకలో, జబ్బ లోపలి భాగంలో మొదటి నుంచీ మొద్దుగా ఉంటే అది వేరే సంగతి. ఆపరేషన్‌లో అక్కడి చిన్న స్పర్శ నరం తెగడమో సాగడమో మామూలుగా జరుగుతుంది, అది ప్రమాదకరం కాదు.

ఇంకొక్క మాట, ఇంకా కీమో తీసుకుంటున్నవారి ఇంట్లోవారికి. నా దగ్గరికి వచ్చిన ఒక దర్జీ పెద్దపేగు క్యాన్సరుకు ఆక్సాలిప్లాటిన్ తీసుకున్నాడు. ఆరో విడతకే సూదిలో దారం ఎక్కించలేకపోయాడు. చెబితే మందు ఆపేస్తారని, ఆపితే క్యాన్సరు తిరిగి వస్తుందని భయపడి పన్నెండూ పూర్తయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. తర్వాతి నాలుగు నెలల్లో బాధ ఇంకా పెరిగింది. ఇప్పుడు ఆయన కత్తిరిస్తాడు, కుట్టు పని కొడుకు చేస్తాడు. మోతాదు తగ్గించాలా, విడతల మధ్య ఎడం పెంచాలా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. కానీ ఆయనకు తెలిస్తేనే నిర్ణయించగలరు. 'కొంచెం తిమ్మిరిగా ఉంది' అని ఊరుకోకుండా 'బొత్తాం పెట్టుకోలేకపోతున్నాను, చెప్పు జారితే తెలియడం లేదు' అని చెప్పండి. చేయలేకపోతున్న పని పేరు చెబితే డాక్టరుకు తీవ్రత అర్థమవుతుంది.

మీ ప్రశ్న చివర్లో, 'ప్రాణం దక్కింది కదా, ఇంకా ఎందుకు బాధపడతావు అని మేమంతా అంటున్నాం' అని రాశారు. ఆ మాట మానేయండి. బయటికి కనపడని బాధ ఇది. పుండు లేదు, వాపు లేదు, స్కానులో కనిపించదు. నమ్మేవారు లేరనిపిస్తే ఆవిడ చెప్పడం మానేస్తారు, చెప్పకపోతే రేపు పాదానికి పుండు పడినా మీకు తెలియదు. మంట మరీ నిద్ర పట్టనివ్వకపోతే నొప్పి ఉపశమన విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు సంస్థలో అలాంటి విభాగం ఉంది. అది చివరి దశ రోగులకే అనుకుని వెనుకాడేవారు చాలామంది ఉన్నారు, అలా కాదు.

ఈ రాత్రి ఆవిడ పాదాలు మంచి వెలుతురులో ఒకసారి చూడండి. తర్వాత నాకు మూడు సంగతులు రాయండి: ఇప్పుడు వేసుకుంటున్న నరాల మాత్రల స్ట్రిప్పు మీద ఉన్న పేర్లు, షుగరు ఉందా లేదా, టామాక్సిఫెన్ గానీ వేరే హార్మోను మాత్ర గానీ వాడుతున్నారా. వాటిని బట్టి డాక్టరుగారిని ఏం అడగాలో, వ్యాయామంలో ఎక్కడ మొదలుపెట్టాలో ఇంకా కచ్చితంగా చెప్పగలను.